‘ఇంతకీ ఏమంటావు?’ – పేరాలో టాపిక్ సెంటెన్స్ సంగతి

నీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, తప్పుంటే సరిచెయ్యి. అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్-1 మెయిన్స్‌కు తెలుగు మీడియంలో చదువుతున్నావు. జనరల్ ఎస్సే టెస్టులో మూసీ నది మీద వ్యాసం రాస్తే 50కి 19 వచ్చాయి. దిద్దినాయన మార్జిన్‌లో నాలుగు చోట్ల ఎర్ర పెన్నుతో ‘ఇంతకీ ఏమంటావు?’ అని రాసి, చివర్లో ‘టాపిక్ సెంటెన్స్‌లు లేవు’ అని తేల్చేశాడు. నీ దగ్గరున్న నోట్స్‌లోనేమో ‘పేరాలో మొదటి వాక్యమే టాపిక్ సెంటెన్స్’ అని ఉంది. ‘ప్రతి పేరాకూ మొదటి వాక్యం ఉంది కదా అక్కా, మరి లేవంటాడేంటి?’ ఇదీ నీ బాధ.

బాధ న్యాయమైనదే. తప్పు నోట్స్‌లో ఉంది. నేను పదిహేడేళ్లు ఓ దినపత్రిక డెస్కులో పనిచేశాను, ఆరేళ్లుగా చిక్కడపల్లిలో మీలాంటివాళ్ల వ్యాసాలు దిద్దుతున్నాను. ఈ ఒక్క విషయం మీద పడినంత గందరగోళం మరోదాని మీద చూడలేదు. (అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.)

మొదటి వాక్యం అనేది ఒక చోటు. టాపిక్ సెంటెన్స్ అనేది ఒక పని. ఆ పని చేసే వాక్యం ఆ చోటులో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నీ వ్యాసంలో ఆ చోటులో వాక్యాలున్నాయి గానీ ఆ పని చేసేవి లేవు. అసలు ఆ పని ఏమిటంటే, ఈ పేరాలో నేను ఫలానా మాట అనబోతున్నాను, దాన్ని నిలబెడతాను అని చదివేవాడికి మాట ఇవ్వడం. విషయం పేరు చెబితే మాట ఇచ్చినట్టు కాదు. ‘ఇప్పుడు మూసీ వరదల గురించి చూద్దాం’ అని పేరా మొదలుపెట్టడం సిటీ బస్సు ముందు బోర్డు మీద ‘బస్సు’ అని రాసినట్టు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ స్టాప్‌లో నిలబడ్డవాడికి కావాల్సింది అది కాదు. ఎక్కడికి పోతుంది, ఏ దారిన పోతుంది?

మూడు వాక్యాలు చూడు. ‘మూసీ వరదలు.’ ఇది పేరు మాత్రమే. ‘1908 సెప్టెంబర్ 28న మూసీకి పెద్ద వరద వచ్చింది.’ ఇది నిజం, కానీ చెప్పగానే పని అయిపోయింది, చదివేవాడు ‘ఓహో’ అని ఊరుకుంటాడు. ‘హైదరాబాద్‌కు నీళ్లను ముందుచూపుతో వాడుకోవడం నేర్పింది 1908 వరదే.’ ఇది చదవగానే ‘అదెలా?’ అని అడగబుద్ధవుతుంది. ఆ ‘అదెలా’కు జవాబే నీ పేరా. నేను పిల్లలకు చెప్పే పరీక్ష ఇదొక్కటే. వాక్యం రాశాక పక్కన కూర్చున్నవాడికి వినిపించు. వాడు ‘ఎలా?’ అనో ‘ఎందుకు?’ అనో ‘నేనొప్పుకోను’ అనో అంటే అది టాపిక్ సెంటెన్స్. ‘ఓహో’ అంటే అది సమాచారం. ‘అయితే ఏంటి?’ అన్నాడంటే వ్యాసం మొత్తం మళ్లీ ఆలోచించు.

ఇప్పుడు నువ్వు పంపిన రెండో పేరా. నీ మాటల్లోనే ఉంచుతున్నాను:

‘హైదరాబాద్ నగరం మూసీ నది ఒడ్డున ఉంది. మూసీ వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణా నదిలో కలుస్తుంది. 1908 సెప్టెంబర్ 28న మూసీకి భారీ వరద వచ్చింది. వేలాది మంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గొప్ప ఇంజనీరు. ఆయనకు 1955లో భారతరత్న వచ్చింది. ఆయన సలహా మేరకు ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. కాబట్టి వరదను ఆపడానికి కట్టిన చెరువులే నగరానికి తాగునీళ్లు కూడా ఇచ్చాయి.’

ఇందులో ఒక్క తప్పు సమాచారం లేదు. చదివినవాడివే, తెలుస్తోంది. అయినా మార్జిన్‌లో ఆ ప్రశ్న ఎందుకు పడింది? ఎనిమిది వాక్యాల దాకా నది పుట్టుక, చావులు, చెట్టు, భారతరత్న అన్నీ ఒకే వరసలో, ఒకే బరువుతో నడుస్తున్నాయి. దేని కోసం చెబుతున్నావో దిద్దేవాడికి తెలియదు. తెలిసేసరికి పేరా అయిపోయింది. చివరి వాక్యం చూశావా? అదే నీ టాపిక్ సెంటెన్స్. అంటే నీ దగ్గర లేక కాదు, చివర కూర్చుని ఉంది.

ఇది నీ ఒక్కడి సంగతి కాదు. నా దగ్గరికొచ్చే కాగితాల్లో సగానికి పైగా ఇంతే. మనం రాస్తూ రాస్తూ ఆలోచిస్తాం. కలం కదిలించినప్పుడు ఏమనాలో తెలియదు, తెలిసినవన్నీ రాస్తూ పోతే చివరకొచ్చేసరికి ఓ మాట తడుతుంది, ‘కాబట్టి’ అని దాన్ని రాసి ఊపిరి పీల్చుకుంటాం. అలా రాయడం తప్పేం కాదు, అది చిత్తుప్రతి. తప్పల్లా ఆ చిత్తునే ఇచ్చేయడం. కాబట్టి ఏ పేరా రాసినా ముందు దాని చివరి వాక్యం చూసుకో. ‘కాబట్టి’, ‘అందువల్ల’, ‘దీన్నిబట్టి’ అని మొదలైతే ఆ మాట కొట్టేసి, వాక్యాన్ని పేరా నెత్తిన పెట్టి చూడు. నేను పెట్టి చూపిస్తాను:

‘వరదను ఆపడానికి కట్టిన చెరువులే హైదరాబాద్ దాహం తీర్చాయి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలాది మందిని పొట్టన పెట్టుకున్నాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరద నీరు నగరం దాకా రాకముందే ఎగువన దాన్ని నిలిపి ఉంచాలని ఆయన సూచించారు. ఆ సూచన మీదే మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదకు అడ్డుగా నిలిపిన ఆ నీళ్లే తర్వాత దశాబ్దాల పాటు నగరంలో నల్లాలకు వచ్చాయి.’

ఏం పోయాయో చూడు. అనంతగిరి పోయింది, వాడపల్లి పోయింది, భారతరత్న పోయింది. నేను వాటిని తీసేయలేదు, మొదటి వాక్యమే తీసేసింది. ‘వరద చెరువులు దాహం తీర్చాయి’ అని మాట ఇచ్చాక విశ్వేశ్వరయ్యకు ఏ ఏడాది ఏ బిరుదు వచ్చిందో ఎవరికి కావాలి? అదే సమయంలో నీ పేరాలో లేనివి రెండు వచ్చి చేరాయి, నీటిని ఎగువన నిలపడం, నల్లాలు. ఆ రెండూ లేకపోతే ఇచ్చిన మాట నిలబడదు కాబట్టి వచ్చాయి. టాపిక్ సెంటెన్స్ వల్ల చదివేవాడికి లాభం అని అందరూ చెబుతారు. నన్నడిగితే అంతకంటే ఎక్కువ లాభం రాసేవాడికే. ఏది ఉంచాలి, ఏది వదలాలి, ఇంకా ఏది వెతకాలి అనే టెన్షన్ సగం తగ్గుతుంది.

అదే సమాచారం మీద వేరే మాట అనాలనుకో. ‘దెబ్బ తగిలాకే మేల్కోవడం హైదరాబాద్‌కు పాత అలవాటు.’ ఇప్పుడు 1908 వరద ఉంటుంది, ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిచారన్నది ముఖ్యమవుతుంది, ఉస్మాన్ సాగర్ పేరు ఒక్క ముక్కలో వెళ్లిపోతుంది. 2020 అక్టోబర్‌లో కాలనీలకు కాలనీలు మునిగాక నాలాలు బాగుచేయడానికి ఎస్‌ఎన్‌డీపీ అనే పథకం పెట్టిన సంగతి లోపలికి వస్తుంది. నల్లాలు బయటికి పోతాయి. మొదటి వాక్యం మారితే పేరా మొత్తం మారింది. మారకపోతే ఆ వాక్యానికి పేరాతో సంబంధం లేదన్నమాట. చాలామంది టాపిక్ సెంటెన్స్‌ను టోపీలా పెడతారు, ఏ టోపీ పెట్టినా కింద తల అదే. నువ్వు రెండో టెస్టులో ప్రతి పేరా మొదటి వాక్యం కింద గీత గీసి ఇచ్చానన్నావు, మార్కు ఒకటి తగ్గిందన్నావు. గీత వల్ల తగ్గలేదులే. గీత గీసేసరికి అక్కడ ఏమీ లేదని దిద్దేవాడికి ఇంకా స్పష్టంగా కనబడింది.

ఇక మన భాష సంగతి. ఈ టాపిక్ సెంటెన్స్ పాఠం ఇంగ్లిష్ నుంచి వచ్చింది, ఉదాహరణలు కూడా వాళ్లవే చెబుతారు. కానీ తెలుగులో ఒక చిక్కు ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మనకు క్రియ చివర వస్తుంది. ‘మూసీ ప్రక్షాళన వల్ల నగరానికి మేలు జరుగుతుందని చెప్ప...’ ఇక్కడిదాకా చదివినా నువ్వు ఏ పక్షమో తెలియదు. చివర ‘గలం’ అంటావా, ‘లేం’ అంటావా, ఆ రెండక్షరాలే తేల్చాలి. వాక్యం చిన్నదైతే పర్వాలేదు, కన్ను చటుక్కున చివరికి చేరుతుంది. పెద్దదైతే చదివేవాడు ఊపిరి బిగబట్టి మూడు లైన్లు దాటాలి. నీ మొదటి పేరా ఎలా మొదలైందో గుర్తుందా?

‘నానాటికీ విస్తరిస్తున్న హైదరాబాద్ మహానగరంలో పెరుగుతున్న జనాభా, పట్టణీకరణ, పారిశ్రామికీకరణ నేపథ్యంలో మూసీ నది పరిరక్షణ ఆవశ్యకత ఎంతైనా ఉందనడంలో అతిశయోక్తి లేదు.’

‘నేపథ్యంలో’, ‘ఆవశ్యకత’, ‘ఎంతైనా ఉంది’, ‘అతిశయోక్తి లేదు’. ఈ నాలుగూ తీసేస్తే మిగిలేది ‘మూసీని కాపాడాలి’. కాపాడొద్దని ఎవరన్నారు? ఎవరూ కాదనలేని వాక్యానికి పేరా అక్కర్లేదు. దాని బదులు ‘మురుగు ఆగనంతవరకు మూసీ ఒడ్డున ఎన్ని పార్కులు కట్టినా వృథాయే’ అను. కాదనేవాళ్లు ఉంటారు, అందుకే వాదన ఉంటుంది. నగరం దిగువన ఆ మురుగు నీళ్లతోనే వరి, పశువుల గడ్డి పండిస్తున్న రైతుల సంగతి రాయడానికి చోటు కూడా దొరుకుతుంది. నా లెక్కలో తెలుగు టాపిక్ సెంటెన్స్ పది పన్నెండు పదాలు దాటకూడదు. ఇది ఏ పుస్తకంలోనూ చూసింది కాదు, దిద్ది దిద్ది వచ్చిన లెక్క.

పైన నేను రాసిన వాక్యాల్లో ఇంకో సంగతి గమనించావా? ‘వరదే’, ‘చెరువులే’, ‘మేల్కోవడం’ ముందు ‘తగిలాకే’, ‘వృథాయే’. వ్యాకరణంలో అవధారణార్థకం అని చదివే ఉంటావు, ఆ చివరి ‘ఏ’. ‘చెరువులు నీళ్లిచ్చాయి’ అంటే సమాచారం. ‘వరద కోసం కట్టిన చెరువులే నీళ్లిచ్చాయి’ అంటే నీ మాట. ఇంగ్లిష్‌వాడు దీనికి చాలాసార్లు వాక్యం మొత్తం తిప్పి రాయాలి, మనకు ఒక్క అచ్చు చాలు. ‘మాత్రం’, ‘కూడా’, ‘తప్ప’ కూడా ఇలాంటివే. నీ వాక్యం చప్పగా ఉందనిపిస్తే ఏ పదానికి ‘ఏ’ తగిలించగలవో వెతుకు. తగిలించడానికి ఏదీ దొరకలేదంటే ఆ వాక్యంలో నువ్వు ఏమీ అనడం లేదు. అలాగని ప్రతి వాక్యానికీ తగిలించకు, రాజకీయ ఉపన్యాసంలా తయారవుతుంది.

‘మరియు’ కనబడితే ఆగు. ‘మూసీ వల్ల నగరానికి తాగునీరు మరియు వరద ముప్పు మరియు కాలుష్యం ఉన్నాయి’ అంటే అవి మూడు పేరాలు. (ఆ పదం తెలుగు వాక్యంలో ఎప్పుడూ అద్దెకు దిగినట్టే ఉంటుంది, అది వేరే గొడవ.)

ఎప్పుడూ మొదటే ఉండాలా అన్నావు. ఆ నియమం కాస్త పాతది. 1866లో అబర్డీన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అలెగ్జాండర్ బెయిన్ పేరాకు సూత్రాలు రాశాడు. మొదటి వాక్యం, అది కేవలం ముందుమాటలాంటిది కాకపోతే, పేరా విషయాన్ని కొట్టొచ్చినట్టు చూపాలన్నది అందులో ఒకటి. అక్కణ్నుంచి బడి పుస్తకాల్లోకి, అక్కణ్నుంచి నీ నోట్స్‌లోకి వచ్చింది. వచ్చే దారిలో ‘కాకపోతే’ అన్న ముక్క రాలిపోయింది. వందేళ్ల తర్వాత రిచర్డ్ బ్రాడాక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ పేరున్న పత్రికల నుంచి 25 వ్యాసాలు తీసుకుని పేరా పేరా లెక్కపెట్టాడు. విషయం వివరించే పేరాల్లో టాపిక్ సెంటెన్స్‌తో మొదలైనవి 13 శాతమే. 1974లో అచ్చయిన ఈ లెక్కతో ఇంగ్లిష్ టీచర్లలో పెద్ద చర్చే జరిగింది.

మరి నేను నిన్ను ముందే పెట్టమంటున్నానేంటి? ఎందుకంటే ఆ పత్రికలు చదివేవాడు కాఫీ తాగుతూ తీరిగ్గా చదువుతాడు. నీ పేపర్ దిద్దేవాడి ముందు కట్టలు ఉంటాయి. మూడు గంటల్లో మూడు వ్యాసాలు, ఒక్కోటి వెయ్యి పదాలు నువ్వు రాస్తావు. అలాంటివి ఆయన రోజుకెన్ని చదవాలో ఊహించుకో. ఆయన కన్ను పేరా నెత్తిన పడి, అక్కడ ఏమైనా దొరికితే లోపలికి దిగుతుంది. కాబట్టి పరీక్షలో మొదటి వాక్యం, లేదా మొదటిది పాత పేరాతో కలిపే వాక్యమైతే రెండోది. అంతకంటే కిందికి దింపకు.

ఇది నాకు డెస్కులో చేరిన కొత్తలో తగిలిన దెబ్బ. ఎడిట్ పేజీకి ఓ పెద్ద వ్యాసం రాసిచ్చాను. మా సీనియర్ ఒకాయన గంటలో తిరిగిచ్చాడు. ప్రతి పేరాలో మొదటి రెండు మూడు వాక్యాలు కొట్టేసి ఉన్నాయి. ఏడుపొచ్చినంత పనైంది. అడిగితే, ‘నువ్వు గొంతు సవరించుకున్న చోటల్లా కొట్టేశానమ్మా, మాట ఒక్కటీ కొట్టలేదు’ అన్నాడు. ఇంటికెళ్లి చదువుకుంటే నిజమే. వ్యాసం మూడో వంతు తగ్గింది, నేను చెప్పినవన్నీ ఉన్నాయి. ఆయన మీద కోపం మాత్రం చాలా రోజులు పోలేదు.

టాపిక్ సెంటెన్స్ చివర బాగా కుదిరే సందర్భం ఒకటుంది. చదివేవాడు ఒప్పుకోడనిపించిన మాటను ముందే అనేస్తే అక్కడే అడ్డం తిరుగుతాడు. అప్పుడు ముందు దృశ్యం చూపించాలి. అమీర్‌పేటలో ఎర్ర లైన్ దిగి నీలం లైన్ ఎక్కే గుంపు, నాగోల్‌లో దిగాక ఇంటికి మూడు కిలోమీటర్లు, ఆటోవాడితో బేరం, మెట్రోకైన ఖర్చుకు అది సరిసమానం. ఇవన్నీ చూపించి చివర ‘రైలు ఎంత వేగంగా పోయినా స్టేషన్ నుంచి ఇంటికి దారి లేనంతవరకు సొంత బండి అమ్ముకునేవాళ్లు ఉండరు’ అంటే దిగుతుంది. వ్యాసం మొత్తంలో ఇలాంటి పేరా ఒక్కటుంటే అందం. అన్నీ అలాగే ఉంటే మళ్లీ ఎర్ర పెన్ను.

సాధన ఎలా అంటావా. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి నువ్వు రోజూ పోతూనే ఉంటావు. అక్కడ పేపర్లకు కొదవ లేదు, కానీ వాటి మీద గీతలు గీయకు, సొంత పేపర్ కొనుక్కో. సంపాదకీయం పేజీలో ఒక వ్యాసం తీసుకుని ప్రతి పేరాలో ‘ఎలా?’ అనిపించే వాక్యం కింద పెన్సిల్ గీత పెట్టు. దొరకని పేరా పక్కన నిన్ను తిట్టినట్టే ‘ఇంతకీ?’ అని రాయి. పెద్దపెద్దవాళ్ల వ్యాసాల పక్కన అలా రాస్తుంటే కాస్త ధైర్యం కూడా వస్తుంది. రెండు వారాలు ఇదే చెయ్యి, సొంతంగా ఏమీ రాయకు.

ఆ తర్వాత రాసేటప్పుడు, ఒక్కో వ్యాసానికి ఉన్న గంటలో మొదటి పది నిమిషాలు వ్యాసం మొదలుపెట్టకు. చిత్తు పేజీలో తొమ్మిదో పదో టాపిక్ సెంటెన్స్‌లు మాత్రం ఒకదాని కింద ఒకటి రాసుకో. పై నుంచి కిందికి చదివితే వ్యాసం కుదించినట్టు ఉండాలి. రెండు వాక్యాలు ఒకే మాట అంటుంటే ఒకటి కొట్టెయ్. మూడోదానికీ నాలుగోదానికీ మధ్య గంతు కనిపిస్తే అక్కడ ఒకటి తక్కువైంది. వంద పదాల పేరా రాశాక దిద్దడం కంటే పది పదాల దగ్గర దిద్దడం ఎంత తేలికో నీకే తెలుస్తుంది. పది నిమిషాలు వృథా అని మొదట్లో అందరూ గింజుకుంటారు. మిగతా యాభై నిమిషాల్లో కలం ఆగదు, అక్కడ తిరిగొస్తాయి ఆ నిమిషాలు.

ఇక చివర్లో అడిగావే, ‘చింతచెట్టును ఎందుకు తీసేశావు అక్కా, అదే కదా బాగుంది’ అని. బాగుంది కాబట్టే ఆ పేరాలోంచి తీశాను. తాగునీళ్ల పేరాలో అది కూర్చుంటే కళ్లన్నీ దాని మీదకే పోతాయి, చెరువుల్ని ఎవరూ చూడరు. దాన్ని పారెయ్యకు, వ్యాసం మొట్టమొదటికి తెచ్చుకో. ఆ ‘అతిశయోక్తి లేదు’ వాక్యం ఉన్న చోట పెట్టు. ‘ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 వరదలో దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికారు...’ అని మొదలుపెట్టి ఐదారు వాక్యాల్లో ఆపెయ్. ఆ పేరాకు టాపిక్ సెంటెన్స్ రాయకు. కథ చెబుతున్నప్పుడు అక్కర్లేదు, మార్జిన్‌లో ఎవరూ ఏమీ రాయరు.